ఎమ్మెల్యేగారి గుర్రం

చనిపోయి చాలా ఏళ్ళయిన ఒక పెద్దమనిషిని, ఆయన బతికుండగా ఎన్నడూ ఎక్కని గుర్రం ఎక్కించి, ఆయన సొంత ఊళ్ళోనే నిండు సభలో ఊరేగించిన ఘనత నాది. ఆ గుర్రాన్ని చివరికి ప్రభుత్వం చేత రెండు ముక్కలుగా కోయించిందీ నేనే. కంగారు పడకండి, ఏ జంతువుకీ హాని జరగలేదు. హాని జరిగిందల్లా నా పరువుకి. అది ఇప్పటికీ కుంటుతూనే నడుస్తోంది.

అప్పట్లో నేను కెనడాలోని రెజైనాలో చదువుకుంటున్నాను. ఏలూరు నుంచి వచ్చిన నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన మౌనికా కలిసి డోరిస్ అనే పెద్దావిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆవిడకి ఎనభై దాటాయి. పేరు పెట్టి పిలవమని ఆవిడ, అలా పిలిస్తే మా అమ్మ ఏలూరు నుంచే మొట్టికాయ వేస్తుందని నేను, కొన్నాళ్ళు వాదించుకుని చివరికి "ఆంటీ" దగ్గర రాజీ పడ్డాం.

ఆంటీ వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు ఆ రాష్ట్రం, అంటే సస్కాచువాన్, శాసనసభ సభ్యుడు. మన భాషలో ఎమ్మెల్యే, వాళ్ళ భాషలో కూడా ఎమ్మెల్యేనే. అరవై డెబ్బై ఏళ్ళ కిందటి మాట. బయట మంచు కురుస్తుంటే ఆంటీ నాకు టీ ఇచ్చి ఆ కబుర్లు చెప్పేవారు.

"అప్పట్లో సభ్యుల్లో చాలామంది రైతులేనమ్మా. బడిపంతుళ్ళు కొందరు, చర్చి ఫాదర్లు ఒకరిద్దరు. సభ మంచుకాలంలోనే జరిగేది. విత్తనాలు చల్లే రోజులొచ్చేసరికి ఉపన్యాసాలన్నీ గబగబా ముగించేసేవాళ్ళు. ఇంటి దగ్గర పొలం ఎదురు చూస్తుంటే ప్రతిపక్షాన్ని తిడుతూ ఎవరు కూర్చుంటారు?"

ఇంతవరకూ నాకు బాగానే అర్థమైంది. చిక్కంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. కెనడాలో జనం నియోజకవర్గాన్ని వాడుకలో "రైడింగ్" అంటారు. ఈ ముక్క మీకు ముందే చెప్పేస్తున్నాను. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిన రైడింగ్ ఒకటే. దానికి నాలుగు కాళ్ళు, ఒక తోక.

"మా నాన్న రైడింగ్ ఎంత పెద్దదనుకున్నావ్!" అనేవారు ఆంటీ.

పాపం, ఎక్కడానికి నిచ్చెన వేసుకునేవాడేమో అనుకునేదాన్ని.

"ఆ రైడింగ్ ఆయన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. నిలబడిన ప్రతిసారీ గెలిపించింది."

ఓహో, పందేలు కూడా ఉండేవన్నమాట!

"సభలో పార్టీ విప్ కూడా ఆయనే."

విప్ అంటే ఏమిటో తెలుగు పేపరు చదివిన ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. కానీ అప్పటికే నా బుర్రలో గుర్రం దౌడు తీస్తోంది. దాని పక్కన కొరడా తప్ప ఇంకేం అమరుతుంది చెప్పండి?

ఒకరోజు ఆంటీ కప్పు కింద పెట్టి నిట్టూర్చారు.

"చివరికి ఏమైందో తెలుసా? ప్రభుత్వం మా నాన్న రైడింగ్‌ని రెండుగా కోసేసింది."

నా చేతిలో బిస్కెట్టు టీలో పడింది.

"రెండుగానా?"

"సరిగ్గా మధ్యకి! ఒక సగం పక్కవాళ్ళకి ఇచ్చేశారు."

"ఆయన కళ్ళముందేనా ఆంటీ?"

"సభలోనే! ఓటింగు పెట్టి మరీ కోశారు. నాన్న ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు."

ఆ పూట నేనూ ముట్టలేదు. కిందికి వెళ్ళి మౌనికకి చెప్పాను.

"గుర్రాన్ని కోసుడేందక్కా?" అంది మౌనిక.

"సభలో ఓటింగు పెట్టి మరీ కోశారంట."

"గప్పట్ల ఎమ్మెల్యేలు గుర్రాల మీద తిరిగిన్రంటే సరే. గని కోసి సగం పక్కోళ్ళకు ఇచ్చుడేంది? తినెటందుకా?"

"చలిదేశం కదే. అప్పట్లో ఏం కరువొచ్చిందో ఏమో."

"పాపం గుర్రం," అంది మౌనిక.

ఫోన్‌లో వెతికి చూడొచ్చు కదా అంటారు మీరు. వెతకబోయాం. కోసిన గుర్రం ఫోటో వస్తుందేమోనని భయమేసి మానేశాం.

మంచు కరిగింది. ఆంటీ వాళ్ళ సొంత ఊరి నుంచి ఫోనొచ్చింది. ఆ ఊరి కమ్యూనిటీ హాల్లో నాన్నగారి ఫోటో పెడుతున్నారట, ఆంటీ వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలట. ఆవిడ సంబరం చెప్పనలవి కాదు. కానీ ఒక్క సంగతి మాత్రం ఆవిడని కుదురుగా ఉండనివ్వలేదు.

"వాల్టర్ కూడా వస్తాడు," అన్నారు.

"ఎవరాయన?"

"ప్రతి ఎన్నికలోనూ మా నాన్న చేతిలో ఓడిపోయినాయన కొడుకు. మా రెండు కుటుంబాలకీ పలకరింపుల్లేవు. చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్నాం, ఆ తర్వాత ఎదురుపడితే తలతిప్పుకునే బతికాం. నేను ఒక్క అబద్ధం చెప్పినా చాలు, లేచి నిలబడి అడుగుతాడు. వచ్చేదే అందుకు."

సరిగ్గా వెళ్ళాల్సిన రోజు పొద్దున ఆంటీకి గొంతు పోయింది. జలుబు చేసి మాట పూర్తిగా పడిపోయింది. బొంగురుగా గాలి వస్తోంది తప్ప అక్షరం రావడం లేదు. నా చెయ్యి పట్టుకుని, చెవిలో ఎంతో కష్టం మీద ఊదారు.

"నువ్వు మాట్లాడు. అన్నీ నీకు చెప్పానుగా."

ఆంటీ కళ్ళలో నీళ్ళు చూసి నా గుండె ఉప్పొంగింది. "మీరేం బెంగ పెట్టుకోకండి ఆంటీ, నాన్నగారి గురించి ఎవరూ మర్చిపోలేనట్టు చెప్తాను," అన్నాను. చూశారా, ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు.

కారు నేనే డ్రైవ్ చేశాను. దారికి రెండు పక్కలా కరిగిన మంచు నీళ్ళలో ఆకాశం కనిపిస్తోంది. ఊరు చిన్నది. హాలు మాత్రం నిండిపోయింది. టోపీలు పెట్టుకున్న రైతులు, కాఫీ కప్పులు, గుడ్డు కూరిన శాండ్‌విచ్‌లు. ముందు గోడకి తగిలించిన ఫోటో మీద పూల టేబుల్‌క్లాత్ కప్పారు. వెనక వరసలో చేతులు కట్టుకుని, న్యాయస్థానంలో జడ్జిలా ఒక పొడుగాటి ముసలాయన కూర్చున్నాడు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

హాలు కమిటీ పెద్ద, లిండా అనే ఆవిడ నన్ను పరిచయం చేసింది. "డోరిస్‌కి గొంతు బాగా లేదు. ఆమె తరఫున సుజాత మాట్లాడుతుంది."

మొదలు బ్రహ్మాండంగా పెట్టాను. రైతులే సభ్యులైన రోజులూ, విత్తనాల వేళకి ముగిసిపోయే సభలూ, పొలాల మధ్య ఇళ్ళకి కరెంటు స్తంభాలు వేయించమని నాన్నగారు మంత్రుల వెంటపడి తిరగడం, అన్నీ చెప్పాను. జనం తలలూపుతున్నారు. ముందు వరసలో ఆంటీ రుమాలుతో కళ్ళొత్తుకుంటున్నారు. చివరికి వాల్టర్ కట్టుకున్న చేతులు కూడా కాస్త సడలాయి. అక్కడితో థాంక్యూ చెప్పి కూర్చుని ఉంటే ఈ కథ మీదాకా వచ్చేదే కాదు.

కానీ చప్పట్లు వినబడ్డాక మైకు వదిలే రకమా నేను?

"ఆయన సేవలు మీకు తెలుసు," అన్నాను. "కానీ ఆయన గుర్రపు స్వారీ గురించి మీలో ఎంతమందికి తెలుసు?"

హాలు నిశ్శబ్దమైంది. ఆసక్తి అనుకున్నాను.

"మామూలు గుర్రం కాదది. ఈ ప్రాంతంలోకెల్లా పెద్దది. ఆ గుర్రం మీద ఆయన ఒక్కసారి కూడా ఓడిపోలేదు!"

ముందు వరసలో ఆంటీ రెండు చేతులూ అడ్డంగా ఊపారు. పాపం, తండ్రిని మరీ అంత పొగడొద్దని మొహమాటం అనుకున్నాను.

"ఆంటీ, మీరు మొహమాటపడినా నేను ఆపను. కొరడా కూడా ఆయన చేతిలోనే ఉండేది. సభలోకి కూడా కొరడాతోనే వెళ్ళేవారు!"

ఆంటీ నుదురు కొట్టుకున్నారు. నాన్నగారికి దండం పెట్టారనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ రెండు పిడికిళ్ళూ బిగించి, గాలిలో స్టీరింగ్ తిప్పినట్టు అటూ ఇటూ తిప్పారు. మా నాన్న కారులో తిరిగేవాడే మొద్దూ అని దాని అర్థమట. నాకలా కనిపించలేదు.

"చూడండి!" అన్నాను వేలు చూపించి. "ఆయన కళ్ళెం ఎలా పట్టుకునేవారో ఆంటీయే చేసి చూపిస్తున్నారు!"

జనమంతా ఆంటీ వైపు తిరిగారు. ఆవిడ పిడికిళ్ళు గాలిలోనే ఆగిపోయాయి.

ఇక నేను విషాద ఘట్టంలోకి దిగాను. గొంతు తగ్గించాను. "కానీ అధికారం ఎంత క్రూరమైనదో చూడండి. ఆ మూగజీవాన్ని ప్రభుత్వం వదల్లేదు. నిండు సభలో, ఓటింగు పెట్టి, మధ్యకి రెండుగా కోసేసింది. ఒక సగం..." నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "ఒక సగం పక్కవాళ్ళకి పంచిపెట్టింది."

ఎవరి చేతిలోంచో చెంచా కింద పడింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది.

లిండా మెల్లగా చెయ్యెత్తింది. "క్షమించాలి, ఏమిటి కోసింది?"

"గుర్రాన్నండీ. ఆయన రైడింగ్‌ని."

అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. వాల్టర్ లేచి నిలబడ్డాడు. ఆంటీ భయపడిన క్షణం వచ్చింది, దాన్ని వెంటబెట్టుకొచ్చింది నేనే.

"అమ్మాయీ," అన్నాడాయన గంభీరంగా. "ఇక్కడ రైడింగ్ అంటే గుర్రం కాదు. సభ్యుణ్ణి ఎన్నుకునే ప్రాంతం. ఆయన రైడింగ్ అంటే మేమే, ఈ హాల్లో కూర్చున్నవాళ్ళం."

ఆ మాట నా చెవుల్లోంచి బుర్రలోకి చేరడానికి చాలాసేపు పట్టింది. ముందు గుర్రం మాయమైంది, తర్వాత పందేలు, ఆ తర్వాత కొరడా. చివరికి మైకు పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను. "అంటే... కోసింది..." అన్నాను.

"మ్యాపుని," అన్నాడు వాల్టర్.

ఆంటీ మొహంలోకి చూసే ధైర్యం లేదు. ఆవిడ ఒక్కరోజు కోసం ఇన్నాళ్ళు ఎదురు చూస్తే దాన్ని నేను సర్కస్ చేశాను. వాల్టర్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"నాకింకో మాట చెప్పాలనుంది," అన్నాడు. "మా నాన్న ప్రతి ఎన్నికలోనూ ఈయన చేతిలో ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయానో అర్థం కాక, చచ్చిపోయేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. నేనూ ఈ రోజుదాకా ఆలోచిస్తూనే ఉన్నాను." ఆగి, ముక్కు తుడుచుకున్నాడు. "మా నాన్న ఇల్లిల్లూ నడిచి తిరిగాడు. అవతలివాడు గుర్రం మీదున్నాడని ఎవరైనా ముందే చెప్పుంటే ఇంత బాధ ఉండేది కాదు!"

హాలు పేలిపోయింది. టోపీలు ఎగిరాయి, కాఫీలు ఒలికాయి. లిండా నవ్వుతూనే వెళ్ళి ఫోటో మీది టేబుల్‌క్లాత్ లాగింది. నాన్నగారు సూటు వేసుకుని, తన పాత కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు.

"గుర్రాన్ని ఎక్కడ కట్టేశాడో!" అని ఎవరో అరిచారు. మళ్ళీ మొదలు.

నేను ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తల వంచుకుని ఉన్నారు, భుజాలు వణుకుతున్నాయి. "ఆంటీ, తప్పైపోయింది, నన్ను క్షమించండి," అన్నాను. ఆవిడ తలెత్తారు. నవ్వి నవ్వి మొహం బీట్‌రూట్‌లా అయిపోయింది. నా చెవి దగ్గర ఊదారు.

"మా నాన్నకి గుర్రమంటే చచ్చేంత భయం. చిన్నప్పుడొకటి ఆయన్ని కరిచింది."

వాల్టర్ ఆంటీ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక కప్పు కాఫీ ఆవిడ ముందు పెట్టాడు.

"డోరిస్, మొట్టమొదటి బల్బు మా ఇంట్లో వెలిగిన రోజు మా అమ్మ ఏడ్చింది. ఆ స్తంభాలు మీ నాన్నే వేయించాడని మా నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. కానీ ఆయనకి తెలుసు."

ఆంటీకి గొంతు లేదు కదా. ఆయన చేతి మీద చెయ్యి వేశారు. చాలాసేపు తియ్యలేదు. నేను శాండ్‌విచ్‌ల బల్ల దగ్గరికి పారిపోయాను.

ఇంటికొచ్చి మౌనికకి జరిగిందంతా చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విని, చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"గట్లయితే గుర్రం మంచిగనే ఉన్నదా అక్కా?"

"అసలు గుర్రమే లేదే!"

"హమ్మయ్య," అంది మౌనిక, గుండె మీద చెయ్యి వేసుకుని.

అందుచేత, పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా లేచి నిలబడి చెబుతున్నాను. సుజాత అనే నేను, అర్థం కాని మాటకి అర్థమైనట్టు తలూపనని, ఒకసారి చప్పట్లు పడ్డాక మైకుని పట్టుకుని వేలాడనని, ఏ శాసనసభ సభ్యుణ్ణీ ఆయన ఒప్పుకోలు లేకుండా గుర్రం ఎక్కించనని, ఒకవేళ ఎక్కించాల్సి వచ్చినా కనీసం దాన్ని కోయించనని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.