ఎంగిలి బీడీల బొమ్మలామె

మళ్లీ బీడీ ముట్టిస్తే జన్మలో మాట్లాడనంది మా ఆవిడ. ఒక్క దెబ్బతో మానేశాను. అంత పట్టుదల కడప జిల్లాలో ఇంకెవరికీ లేదని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి రోజూ నాలుగు బీడీలు బండల పాలిష్ ఫ్యాక్టరీ వెనక దాక్కుని తాగేవాణ్ణి.

ఈ బొమ్మలామె అక్కడి మేస్త్రీ కూతురు. విరిగిన నల్లబండల మీద బొమ్మలు చేసేది. నేను అలవాటుగా దారం నమిలి బీడీ పారేయబోతే చెయ్యి చాపేది.

"పారేయొద్దు తాతా, ఈడ పెట్టు."

"థూ! ఎంగిలిది మే!"

"నాకు ఎంగిలిదే కావాల."

తడి ఆరని ముక్కను వట్టి వేళ్లతో తీసి డబ్బాలో వేసుకునేది. నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి. తనలాంటి వాళ్లు శానామంది ఉండారని ఫోనులో చూపించింది. ఒకడు చచ్చిన ఎలుకలకు పెళ్లిబట్టలు కుట్టాడు. ఒకామె రాలిన వెంట్రుకలతో పసిపాపను అల్లి, దానికి కుక్కపళ్లు పెట్టింది. ఆ పూట అన్నం సయించలేదు. అయినా మరునాడు బీడీ కోసం కాదు, బొమ్మల కోసమే వెళ్లాను. అదీ అబద్ధమే, రెండింటికీ వెళ్లాను.

ఒకరోజు వంటింట్లో అర కోసం బండ కొనాలని మా ఆవిడ నన్ను అక్కడికే లాక్కెళ్లింది. ఎదురుగా కోటు తొడిగిన మేక బొమ్మ. నోటినిండా పళ్లకు బదులు బీడీ ముక్కలు, ప్రతిదానికీ దారం నమిలి ఉంది.

"ఈ మేకను నలభై ఏండ్లుగా నేనే మేపుతాండా" అంది మా ఆవిడ. "దీన్నే ఇయ్యి పాపా."

బొమ్మలామె పొంగిపోయి ఊరికే ఇచ్చేసింది. ఇప్పుడు నేను అన్నం తినే చోట, నా కంచానికి ఎదురుగా, అది గోడకు ఆనించి ఉంది.