మేకపోతు ఎత్తు కొలిచి కట్టిన గులాబి పందిరి

మా మామ నాతో మాట్లాడేవాడు కాదు. నేనూ ఆయనతో మాట్లాడేదాన్ని కాదు. అలాగని మా మధ్య తగాదా ఏమీ లేదు. దేవరకొండ పక్కన ఆ పల్లెలో, గొర్లు మేకలు కాసుకునే మా ఇళ్లలో, మామకూ కోడలికీ మధ్య పద్ధతి అది. ఆయన అరుగు మీద కూర్చుంటే నేను తలుపు వెనక ఉండాలి. ఆయనకు ఏదైనా కావాలంటే ఇంటికి చెప్పేవాడు. "ఇంట్ల ఎవలన్న ఉంటే చెంబుల నీళ్లు పెట్టుండ్రి" అనేవాడు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చెంబు గడప మీద పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని.

మరీ ముఖ్యమైన మాటైతే మేకకు చెప్పేవాడు. "ఏమే, రేపు మీ అత్త అంగడికి పోతాంది, పొయ్యికాడ నువ్వే సూసుకోవాలె" అని గుంజకు కట్టేసిన మేకతో అంటుంటే లోపల నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని. మేకకు అత్త ఎక్కడిది, పొయ్యి ఎక్కడిది!

అవి సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు. నా పెనిమిటి అక్కడ రాళ్లు మోసే పనికి పోయి పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో మిగిలింది అత్త, మామ, నేను, మేకలు. గొర్ల మంద వేరే పాలివాళ్ల దగ్గర ఉండేది. మేకలను మాత్రం మామ తానే పొద్దున తోలుకుపోయి, పొద్దుగూకే వేళకు తోలుకొచ్చేవాడు.

మాది కేతేపల్లి. కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ ఒక తీగ గులాబి కొమ్మను బంకమట్టిలో గుచ్చి, తడి గోనెగుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. లేత రంగు పూలు, గుత్తులు గుత్తులుగా పూస్తాయి. నల్లగొండలో ఒక పోలీసు అమీనుగారి ఇంటికి మా అమ్మ చల్ల పోసేటప్పుడు అడిగి తెచ్చుకున్న కొమ్మతో మొదలైన చెట్టు అది. మా పుట్టింటి గోడంతా అదే. నేను వచ్చిన రెండో ఏడు మా అమ్మ జ్వరం వచ్చి పోయింది. ఆ వానాకాలమే గోడ కూలి చెట్టు దాని కింద పడిపోయింది. నాయిన మట్టి ఎత్తించి చూస్తే వేరు కూడా మిగల్లేదట. ఇక మా అమ్మ చేతి చెట్టు అంటూ ఈ భూమ్మీద ఉన్నది మా అత్తగారి వాకిట్లోదే.

అది కూడా ఎంత? మోకాలెత్తు. నిలబడటానికి ఆసరా లేక నేల మీద పాకేది. నేల మీద పాకేదాన్ని మేకలు బతకనిస్తాయా? గంప బోర్లిస్తే తీగ వంకర పోయింది, ఎండ తగలక ఆకు పసుపెక్కింది. మా అత్తకేమో అది ముళ్లచెట్టు. "పొయ్యి మీద పెట్టనీకి పనికిరాదు, పొయ్యి కింద పెట్టనీకి పనికిరాదు. ఎందుకే ఇది?" అనేది.

మామ ఒకరోజు సాయంత్రం మేకలను దొడ్లోకి తోలి వచ్చి, గులాబి దగ్గర గొంతుక్కూర్చుని తీగను వేలితో ఎత్తి చూశాడు. వదిలేస్తే మళ్లీ నేలకు వాలింది. "దీనికి నిచ్చెన గావాలె" అన్నాడు, మేకతో కాదు, ఇంటితో కాదు, ఆ చెట్టుతోనే. నాకు ప్రాణం లేచొచ్చింది.

మరునాడు అడవి నుంచి రెండు సండ్ర గుంజలు భుజాన వేసుకొచ్చాడు. ఇంటి ముందర కూర్చుని గొడ్డలితో వాటిని చెక్కడం మొదలుపెట్టాడు. పది దెబ్బలు కొట్టాడో లేదో, దొడ్లోని మేకలన్నీ తడికె తోసుకుని బయటపడి ఆయన చుట్టూ మూగాయి. ఆయన వాటిని అదిలిస్తుంటే, ఒకటి వెనకనుంచి వచ్చి గులాబిని బెత్తెడు మిగిల్చి మేసేసింది. మామ మేకను తిట్టాడు, తడికెను తిట్టాడు. ఆ పూటంతా తడికె బాగుచేయడంలోనే పోయింది.

వానలు పడ్డాక గులాబి మొదలు మళ్లీ చిగురించింది. ఈసారి మామ తెల్లవారుజామునే, మేకలను విప్పకముందే పని పెట్టుకున్నాడు. మళ్లీ టకటకమని గొడ్డలి. మళ్లీ దొడ్లో గోల. ఒక మేక తడికె మీదినుంచి ఎగిరి దూకింది, దాని వెనక ఇంకోటి. నేను చీపురు పట్టుకుని పరుగెత్తేసరికి చిగుళ్లు లేవు. మామ తలగుడ్డ తీసి నేలకు కొట్టి, తడికె ఇంకో మూరెడు ఎత్తు కట్టాడు.

ఆయన తడికె కడుతుంటే నేను తలుపు సందులోంచి చూస్తూ పళ్లు కొరుక్కున్నాను. తప్పు తడికెది కాదు. కొండలో మేత దొరకనప్పుడు మామ గొడ్డలితో తుమ్మకొమ్మను సగం నరికి కిందికి వంచుతాడు, మేకలు ఆ ఆకు మేస్తాయి. గొడ్డలి మోగిందంటే వాటికి విస్తరి వేసినట్టే. నేను ఒకటి రెండుసార్లు సద్ది తీసుకుని కొండకు పోయినప్పుడు చూశాను, ఎక్కడెక్కడి మేకలూ ఆ చప్పుడుకు పరుగెత్తుకొస్తాయి. ఇంటి దగ్గర కూడా ఆయన గొడ్డలి ఎత్తితే అవి అందుకే వస్తున్నాయి. ఆయన ఇంట్లో ఉండేదే మేకలు ఇంట్లో ఉన్నప్పుడు కదా. ఇంత చిన్న సంగతి ఆయనకు ఎందుకు తట్టడం లేదో నాకు అర్థమయ్యేది కాదు, ఒళ్లు మండేది.

మూడోసారి గులాబికి ఒకే ఒక్క చిగురు వచ్చింది. జానెడు కూడా లేదు, ఎర్రటి ఆకులు నాలుగు. మా అత్త దాన్ని చూసి తేల్చేసింది. "ఇంకోపాలి మేకలు మూతి పెడితే నేనే పీకి కంచెల ఏస్త. ఊకె ఊకె నాకీ లొల్లి వద్దు."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఎట్లాగైనా మామ చెవిన వేయాలని ఆమెనే బతిమాలాను.

"అత్తమ్మా, మామ గొడ్డలి కొట్టవట్టికే మేకలు ఉరికొస్తున్నయి. జర మీరు చెప్పరాదుండ్రి."

"మేకల సంగతి మామకు కోడలు చెప్తదా? నలభై ఏండ్ల సంది కాస్తుండు ఆయన. నలుగురింటే నవ్విపోతరు" అని ఆమె చాట అందుకుని లోపలికి పోయింది. నా పెనిమిటితో చెప్పిద్దామంటే ఆయన సాగర్‌కు పోయి నాలుగు రోజులే అయింది.

ఆ సాయంత్రం మామ గుంజను రాయికి ఆనించి, అరచేతులు రాపాడించుకుని, గొడ్డలి ఎత్తాడు. నేను తలుపు వెనక ఉన్నాను. నా కాళ్లు నన్ను అడగకుండానే గడప దాటాయి.

"మామా! కొట్టకుండ్రి!"

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఆగింది. నెత్తిన కొంగు నిలవలేదు, అయినా ఆగలేదు నేను. "తడికెల తప్పులేదు. గొడ్డలి సప్పుడుకే వస్తున్నయి అవి. తుమ్మకొమ్మ కొట్టిండ్రని వస్తున్నయి. గా ఒక్క చిగురు పోతే మా అమ్మ చెట్టు ఇగ లేదు."

లోపలనుంచి అత్త కేక వేసింది. "ఓయమ్మో! మామతోని ముఖాన ముఖం మాట్లాడుతున్నవా? సిగ్గు శరం ఉన్నదా?"

మామ గొడ్డలి దించాడు. నా వైపు చూడలేదు. కోపం వచ్చిందనే అనుకున్నాను. ఎప్పటిలాగే ఇంటితో అన్నాడు. "ఎవలన్న చెట్టు మీద గంప బోర్లిచ్చి కాడ నిలవడుండ్రి." గంప తెచ్చి చిగురు మీద బోర్లించి, దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఆయన దొడ్డి వెనక్కు పోయాడు. అక్కడ ఒక మొద్దు ఉండేది. ముందు దాన్ని రాయితో కొట్టాడు. ఒక్క మేక కూడా తల ఎత్తలేదు. కర్రతో కొట్టాడు. నెమరు వేసేవి వేస్తూనే ఉన్నాయి. అప్పుడు గొడ్డలితో ఒక్క దెబ్బ వేశాడు. దొడ్డంతా మే మే అంటూ లేచి తడికె మీద పడింది. మామ ఆగి, అన్నీ సద్దుమణిగేదాకా చూసి, మళ్లీ రాయి, మళ్లీ గొడ్డలి. తన మాటే నిజమని చూపించుకోవాలనుకునే మగవాళ్లను చాలామందిని చూశాను. తన మాట తప్పేమోనని రెండుసార్లు పరీక్షించుకున్న మనిషిని నేను చూసింది ఆయన్నే.

ఇవతలికి వచ్చి తనలో తనే నవ్వాడు. అత్తతో అన్నాడు. "నలభై ఏండ్ల సంది నేను కొట్టుడే గని, నా గొడ్డలి సప్పుడు నేను ఇనలే. గీ పిల్ల ఇన్నది."

"మామతోని మాట్లాడింది సూసినవా మరి?" అంది అత్త.

"మాట్లాడనీ. ఎరుకున్నోళ్లు నోరు మూసుకుంటే ఇల్లెట్ల నడుస్తది?"

మా అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో మాట్లాడని మనుషుల్లో నేను తగ్గి, ఆమె పెరిగింది.

ఆ తర్వాత మామ ఆ పందిరి కట్టిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఇంటి దగ్గర ఒక్క గొడ్డలి దెబ్బ కొట్టలేదు. గుంజలను మళ్లీ కొండకు మోసుకుపోయి, మేకలకు తుమ్మకొమ్మ వంచి ఇచ్చి, అవి మేస్తుండగా పక్కన కూర్చుని చెక్కాడు. పుల్లకు పుల్ల సిద్ధం చేసి ఇంటికి తెచ్చాడు. నేలలో దిగే కొసలను చెదలు పట్టకుండా మంటలో నల్లగా కాల్చాడు. అడ్డపుల్లలకు వావిలి బద్దలు తెచ్చాడు, వావిలిని మేక నోట పెట్టదని. ఒక్క మేకు లేదు. ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి గుంజలకు బెజ్జాలు వేసి, అందులోనుంచి బద్దలు దూర్చి, మేకబొచ్చు తాడుతో బిగించాడు. ఆ తాడు తనే పేనింది. వానకు కుళ్లదు, ఎండకు పెళుసెక్కదు, లేత తీగను కోయదు.

ఎత్తు విషయం మాత్రం నన్ను ఎక్కువ నవ్వించింది. మా మేకపోతు పెద్దది, గడ్డమూ కొమ్ములూ చూస్తే ఊరి పెద్దమనిషిలా ఉండేది. మామ దాన్ని గోడ దగ్గరికి తెచ్చి, పైన ఒక తుమ్మరెమ్మ పట్టుకుని ఊరించాడు. అది వెనకకాళ్ల మీద లేచి, మెడ సాచి, మూతి ఎంతదాకా అందితే అంతదాకా అందించింది. ఆ మూతి దగ్గర బొగ్గుతో గీత గీశాడు. దాని పైన ఇంకో బెత్తెడు కలిపి మరో గీత. "ఈ గీత కింద బయటికి ఒక్క ఆకు ఉండొద్దు. ఉన్నదంటే అది గులాబి కాదు, మేకమేత" అని మేకపోతుకే చెప్పాడు. కింది గీతదాకా మొదలు చుట్టూ వావిలి పుల్లలతో సన్నటి బుట్ట అల్లాడు, ఎండా గాలీ తగిలేలా, మూతి పట్టకుండా. మొక్క జానెడు, పందిరి చూరుదాకా! పక్కింటివాళ్లు చూసి, చంటిపిల్లకు పట్టుచీర కొన్నట్టుందని వెక్కిరించారు. మామ పట్టించుకోలేదు.

ఆ చిగురు బతికింది. నేను రోజూ బిందె నీళ్లు పోసేదాన్ని, ఆయన వారానికోసారి మేకపెంట పొడి చేసి వేసేవాడు. తీగ బెత్తెడు పెరిగినప్పుడల్లా తాడు ముడి విప్పి పైకి కట్టేవాడు. కాయలు కాసిన చేతివేళ్లతో గొర్రెపిల్ల కాలు పట్టుకున్నంత మెల్లగా పట్టుకునేవాడు దాన్ని. ముల్లు గుచ్చుకుంటే మాత్రం బూతు మాటే వచ్చేది, అదీ చెప్పాలి. రెండో ఏడు వానాకాలం పోయేసరికి తీగ బొగ్గుగీత దాటి, చూరు దాటి, పెంకుల మీదికి పాకింది. మామ కట్టిన గుంజలు అంగుళం కూడా ఒరగలేదు.

చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మొదటి గుత్తి విచ్చుకుంది. నేను చూసేసరికే మా అత్త దాని కింద నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని, మడమలెత్తి వాసన చూస్తోంది. నా అలికిడి విని చీపురు అందుకుని వాకిలి ఊడ్చింది. ఆ సంతోషం ఆమెది కూడా.

మామ గొంగడి భుజాన వేసుకుని మేకలను తోలుకుపోతూ ఆగాడు. తల ఎత్తి పూలను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నేరుగా నా వైపు తిరిగాడు.

"బిడ్డా, మీ అమ్మ సూస్తే ఏమనేది?"

మా అమ్మ పోయాక ఆ ఇంట్లో ఆమె గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయ్యో అన్నారు, అన్నం తినమన్నారు, అంతే. ఆయన అడిగేసరికి కళ్లు తుడుచుకున్నాను. బాగుందనేది, మురిసిపోయేది అని చెప్పొచ్చు. కానీ మా అమ్మ మెచ్చుకునే మనిషి కాదు. ఎంత బాగా చేసినా ఇంకో పని చూపించేది. ఇంతటి పందిరి కట్టిన మనిషికి, అందులోనూ మా అమ్మ గురించి, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మొదట్ల నీళ్లు సాలలేవు అనేది" అన్నాను.

మామ వంగి, బుట్ట పుల్లల మధ్యనుంచి వేలు పెట్టి మట్టిని తడిమి చూశాడు. "నిజమే" అన్నాడు. గొంగడి తీసి అరుగు మీద పెట్టి, మేకలను ఉన్నచోటే నిలబెట్టి, బొక్కెన తీసుకుని బావి వైపు నడిచాడు.