అమ్మాయి వెన్ను, నా టిక్కులు

మా అమ్మాయి "నొప్పి లేదు" అంటే నేను నమ్మేదాన్ని కాదు. ఎలా నమ్ముతాను? పదిహేనేళ్ళ పిల్లకు వెన్నెముక వంకర తిరిగిందని అండమాన్ నుంచి వైజాగ్ తీసుకెళ్తే, వీపు నిలువునా కోసి రాడ్లు బిగించారు. ఆపరేషన్ అయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఇక్కడ అండమాన్‌లో, బతు బస్తీలో మా కొట్టు కౌంటరు వెనక కూర్చుని దాన్ని కనిపెడుతూనే ఉండేదాన్ని. చెప్పులు తొడుక్కుంటుంటే మొహం కేసి చూసేదాన్ని. స్నానానికి అరగంట పడితే తలుపు దగ్గర చెవి పెట్టేదాన్ని. లోపల పాట వినిపించేది. మూలుగు వినపడకుండా పాడుతోందని నా అనుమానం.

దానికి కావలసింది ఒక్కటే, సైకిలు. ఆపరేషన్‌కు ముందు పందేలకు వెళ్ళేది. వైజాగ్ డాక్టరు గారు సరేనంటే మళ్ళీ ఎక్కవచ్చు. ఆయన ముందుగా ఒక ఫారం పంపారు. నొప్పి ఉందా, నిద్ర పడుతోందా, నీ వీపు నీకు నచ్చుతోందా అని ప్రశ్నలు. అంతా తెలుగులో ఉంది. మా పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు, బడిలో చదివింది హిందీ. అందుకని నేను చదివాను, అది చెప్పింది, టిక్కులు నేను పెట్టాను.

నొప్పి సంగతి అడిగితే, "దర్ద్ లేదమ్మా," అంది.

అబద్ధాలకోరు! 'తరచుగా ఉంది' దగ్గర టిక్కు పెట్టాను.

"వీపు బాగానే నచ్చింది."

అంత పొడుగు మచ్చ ఏ ఆడపిల్లకు నచ్చుతుంది? 'అస్సలు నచ్చలేదు' దగ్గర పెట్టాను.

వారానికి డాక్టరు గారు వీడియో కాల్ చేశారు. జవాబులన్నీ పైకి చదివి, "ఇంత నొప్పి ఉంటే సైకిలు వద్దమ్మా, ఇంకో ఏడాది చూద్దాం," అన్నారు.

పిల్ల నోరు తెరుచుకుని విన్నది. ఫోన్ కట్ చెయ్యకుండానే బల్ల మీద బోర్లా పెట్టి నా వైపు తిరిగింది.

"నేనేటి చెప్పాను, నువ్వేటి రాసేవ్?"

"దాస్తున్నావేమోనని..."

"ఏటి దాస్తాను? ఆ మచ్చ రోజూ అద్దంలో చూసుకుంటన్నాను. నాకేం పర్వా లేదు. నువ్వు ఒక్కసారైనా చూసేవా?"

చూడలేదు. నూనె రాసేటప్పుడు కూడా మొహం తిప్పుకునేదాన్ని. దాని ప్రతి కదలికనూ కాపు కాసిన నేను, వీపు మాత్రం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "చెప్పు."

"డాక్టరు గారూ," అన్నాను, "ఆ జవాబులు పిల్లవి కావండీ. నావి."