ఎంగిలి కుంచె

పొద్దున్నే మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని కుప్ప చేసి నేనూ అమ్మా పట్టాలు కప్పుతుంటే ఫోను వచ్చింది. పక్క ఊళ్లో ఫోటో స్టూడియో సాయిబు గారు తెల్లవారుజామున పోయారు. పక్క కల్లంలో ఉన్న పెదనాన్నకు చెప్పాను.

"ఎవరూ, ఆ ఎంగిలి కుంచె వాడేనా?" అన్నాడు.

ఇన్నేళ్లకీ ఆయనకు గుర్తున్నది అదొక్కటే.

మా నాన్న పోయినప్పుడు ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన నెగెటివ్ సాయిబు గారి దగ్గర దొరికింది. దాని మీద సరిగ్గా నాన్న కంటి నుంచి గడ్డం దాకా గీత. చీకటి గదిలో పెద్దది చేసి తీస్తే ఆ గీత కాగితం మీద తెల్లటి దారంలా పడింది. పెదకర్మ నాటికి అమ్మకు ఆ మొహం కావాలి.

సాయిబు గారు కిటికీ దగ్గర కూర్చుని, సన్నటి కుంచె మొన నాలుక మీద తడుపుకుని, రంగులో అద్ది, గీత పొడుగునా చుక్కలు పెట్టసాగారు. పెదనాన్న చూశాడు.

"ఛీ ఛీ! మా తమ్ముడి మొహం మీద ఎంగిలా? రేపు దండేసి మొక్కాలయ్యా దానికి. నీళ్లు పెట్టు."

"నీళ్లకి రంగు పట్టదండీ, జారిపోద్ది."

"పట్టకపోతే ఇంకెందుకు నీ పనితనం?" అంటూ పెదనాన్న చుట్ట ఊట స్టూడియో మెట్టు మీదే ఊశాడు.

సాయిబు గారు నీళ్లే పెట్టారు. రంగు బుగ్గంతా పాకింది. దూదితో అద్ది, అమ్మ వైపు చూశారు.

"బావగారూ, మీ తమ్ముడు ఈయన సగం తాగిచ్చిన టీ తాగేవారు. పోయాక వచ్చిందా మడి?" అంది అమ్మ. "మీరు చెయ్యండి సాయిబు గారూ."

పెదనాన్న విసవిసా వెళ్లిపోయాడు. కుంచె మళ్లీ నాలుక మీదికి వెళ్లింది. కాసేపటికి ఆయన తలెత్తారు.

"అమ్మా, కనుబొమ్మ మీద మచ్చ ఆయనదా, ఫిల్ముదా?"

"ఆయనదే. చిన్నప్పుడు కాడి తగిలింది."

"అయితే ముట్టుకోను."

ఆ ఫోటోకి పెదనాన్న ఇంతవరకూ చెయ్యెత్తి మొక్కలేదు. తర్వాత మావాళ్లంతా ఫోటోలకి వేరే ఊరు పోయారు. సాయిబు గారు ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. బజార్లో అమ్మ కనిపిస్తే, "కాయ రంగు ఎట్టా వచ్చిందమ్మా ఈసారి?" అనే అడిగేవారు.

అమ్మ పట్టా మీద రాళ్లు పెట్టి, చేతులు కడుక్కుని, "నడవరా" అంది. పెదనాన్న వింటూనే మొహం అటు తిప్పుకున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక సాయిబు గారిని ఎత్తారు. ఆయన తమ్ముళ్ల వెనక నేనూ భుజం పట్టాను. అమ్మ వాళ్ల గుమ్మంలో ఆడవాళ్లతో నిలబడి, జనం మలుపు తిరిగేదాకా చూసింది. మా ఊరి నుంచి ఇంకెవరూ రాలేదు. చీకటి పడ్డాక ఆఖరి బస్సుకి ఇద్దరం బయల్దేరాం.