మడుగుకు తుమ్మకంప కావలి

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో, ఒక వేసవి మొదట్లో నన్ను మైసూరు సంస్థానపు పావగడ తాలూకాకు చేపల సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పేరుకు తాలూకా చెరువులన్నీ నా అధికారం కిందే. చేతికింద ఒక్క గార్డు కూడా లేడు. పాత గార్డు రిటైరయ్యాక ఆ ఉద్యోగాన్ని పొదుపు పేరుతో ఖాళీగానే ఉంచారు. పడవ మాట ఎత్తితే పై కార్యాలయంలో నవ్వేవారు.

చెరువు ఎండిపోయాక తూము దగ్గర మిగిలే లోతైన గుంటే మడుగు. తల్లిచేపలు వానలదాకా అందులోనే తలదాచుకుంటాయి. అందుకే వేసవిలో అక్కడ వల వేయడం నేరం. వెంకటమ్మనహళ్లి దారిలో ఉన్న ఒక మడుగు మీద ఆ ఏడు బయటి ముఠా కన్ను పడింది. ఆ చెరువును గుత్తకు తీసుకున్న బెస్తవారి ఇల్లాలు గంగమ్మ కచేరీకి వచ్చి నన్ను నిలదీసింది.

“తల్లిచేపలు పోతే, వానలొచ్చినా చేప యాడుంటాది సామీ? మేం ఏం తిని బతకల్ల?”

గార్డును ఇమ్మని రాశాను. నిధులు లేవని జవాబు వచ్చింది. నాకు ఒళ్లు మండింది. మడుగును మాత్రం వదలదలచుకోలేదు. తాలూకా పెద్ద అయిన అమల్దారును అడిగి తుమ్మలు కొట్టడానికి అనుమతి తెచ్చాను. గంగమ్మ, ఆమె మగడు, నేను కంపలకు రాళ్లు కట్టి, ఎవరు వల వేసినా చిరిగేలా మడుగంతటా ముంచాం. ముళ్లు మా కాళ్లనూ వదల్లేదు. కంప ఉన్నన్నాళ్లూ మీ వల కూడా అక్కడ పడదని ముందే చెప్పాను.

“పోనీలే సామీ, తల్లిచేప బతికితే సాలు,” అంది.

ఒకరోజు పొద్దున వెళ్లి చూస్తే ముళ్లకు చిక్కి పీలికలైన పెద్ద వల కనిపించింది. చిటికెన వేలు కూడా దూరని కన్నుల వల, అది మరో నేరం. స్వాధీనం చేసుకున్నాను గానీ, వేసినవాళ్లను చూసిన సాక్షి లేక కేసు నిలవలేదు. వాళ్లు మళ్లీ రాలేదు. వానలు పడి పిల్లచేపలు కనిపించినప్పుడు గంగమ్మ కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. ఆ సంబరంలోనే పై కార్యాలయానికి అంతా వివరంగా రాశాను.

ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. గార్డు లేకుండానే పని సాగుతున్నందున ఆ ఉద్యోగాన్ని రద్దు చేశారు.

మరుసటి వేసవిలో గంగమ్మ మడుగు దక్కింది. నేను చేరుకోలేని మడుగులు ఖాళీ అయ్యాయి. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, పైకి ఏం రాసినా కాపాడలేకపోయిన చెరువులను ముందు రాశాను, కాపాడినవాటిని చివర రాశాను. పైవాళ్లు విసుక్కున్నారు, నేను మానలేదు. డబ్బివ్వని చోట పనిచేసి చూపిస్తే, డబ్బు అక్కర్లేదనే అనుకుంటారు.