తెల్లోళ్ళ వడ్డీ దిద్దిన మొనగాణ్ణి

మొన్న ఫిల్మ్‌నగర్‌లో నా పరువు ఎలా పోయిందో వినండి. ఎవరూ తీయలేదు, నేనే పనిగట్టుకుని పోగొట్టుకున్నా!

ఊరంతా జావా నేర్చుకుంటుంటే నేను జర్మన్ నేర్చుకున్నాను కదా. అమీర్‌పేటలో ఆర్నెల్లు. ఇక శ్రీనగర్ కాలనీ మొత్తానికి నా అంత మేధావి లేడని నా ఫీలింగ్. అంతలో ఒక నిర్మాతగారు కబురు పెట్టారు. జర్మనీ నుంచి కెమెరా క్రేన్ తెప్పిస్తున్నారట, అప్పు కూడా ఆ కంపెనీయే ఇస్తుందట. జర్మన్‌లో ఉన్న ఆ కాగితాలు నేను ఇంగ్లీషులో పెడితే ఆడిటర్ చూసి ఊ అంటాడు. నెలాఖరుకి షూటింగ్. "అంతా నీ చేతుల్లో ఉందయ్యా," అన్నారు.

ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నా. అసలు, వాయిదాలు, జామీను, అన్నీ టకటకా రాసేశా. వడ్డీ దగ్గర పెన్ను ఆగింది. ఏడాదికి నూటికి ఆరు అని ఉంది. ఆరా! మన లెక్కలో నెలకి అర్ధ రూపాయి! మన బ్యాంకులే అంతకు రెట్టింపు గుంజుతున్నాయి. సినిమావాళ్ళకి అర్ధ రూపాయి వడ్డీకి సొంత బావమరిది కూడా ఇవ్వడు. ఛీ, ఇంత పెద్ద కంపెనీ, టైపింగ్ కూడా సరిచూసుకోరు! జాలిపడి, ఏడాది తీసేసి "నెలకి ఆరు శాతం" అని పెట్టా.

మేనేజర్ యాదగిరి, బోరబండ మనిషి, కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఆరు రూపాయల మిత్తి ఏంది సార్? జర మల్ల చూడుండ్రి."

"నీకు జర్మన్ వచ్చా?" అన్నాను. కాగితం లాక్కుని నిర్మాతగారి ముందు పెట్టాను.

నిర్మాతగారు మండిపడ్డారు. "ఆరు రూపాయలా! వీళ్ళకంటే మన ఫైనాన్షియర్లు దేవుళ్ళయ్యా!" ఆ సాయంత్రమే ఇక్కడ మూడు రూపాయల వడ్డీకి సంతకం పెట్టేశారు. నీ ఆరు శాతం నెలవడ్డీ నువ్వే ఉంచుకో అని నా చేతే కంపెనీకి జర్మన్‌లో ఘాటుగా ఉత్తరం రాయించారు. పైగా నా భుజం తట్టి, "బతికించావ్," అన్నారు. నేనూ నిజమేననుకున్నా, సిగ్గులేకుండా!

మొన్న జవాబు వచ్చింది. నిర్మాతగారు చదివి తెలుగులో చెప్పమన్నారు. ఆరు శాతం ఏడాది మొత్తానికట.

"కాగితంలో మొదట్నుంచీ ఏడాది అనే ఉందా?"

"ఉందండీ."

"మరి నెల అని ఎందుకు రాశావ్?"

"వాళ్ళు తప్పు రాశారనుకుని... దిద్దానండీ."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఉత్తరం నా ముందుకు తోసి, "ఇది కూడా ఇంగ్లీషులో పెట్టు, ఆడిటర్‌కి ఇవ్వాలి," అన్నారు.

ఆఖరి వాక్యం ఏమిటో తెలుసా? "దయచేసి మీ అనువాదకుణ్ణి మార్చండి."

ఆ ఒక్కటీ మాత్రం అక్షరం దిద్దకుండా రాసిచ్చాను.