నవ్వింది నిజమనుకున్నాడు

కొట్టు అక్కాచెల్లెళ్ళిద్దరిదీ. ముందు బల్ల దగ్గర అక్క కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేది. తెర వెనక చెల్లెలు మిషను ముందు కూర్చుని ప్యాంట్ల పొడవు తగ్గించేది, వదులైన నడుములు బిగించేది. అక్కకి మాటలు, చెల్లెలికి కుట్లు. అలా పంచుకున్నారు.

చిన్నప్పుడు బళ్ళో చెల్లెల్ని ట్యూబులైటు అనేవాళ్ళు. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వేశాక ఆమె నవ్వేది. ఆ ఏడిపింపు పడలేక, పక్కవాళ్ళ మొహాలు చూస్తూ వాళ్ళతోపాటే నవ్వడం నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, అది అరువు నవ్వని కన్నతల్లి కూడా పసిగట్టలేకపోయింది. ముప్పై దాటాక ఒక డాక్టరమ్మ ఆమెకి ఆటిజం అని తేల్చి చెప్పింది.

"మందేమిటట?" అక్క కంగారుపడింది.

"మందు లేదు. జబ్బు కాదట. నా గదిలో గుయ్యిమనే ఆ లైటు మాత్రం మార్పించు."

అక్క ఆ రోజే మార్పించింది.

ఒక మధ్యాహ్నం లిఫ్టులు బాగుచేసే ఒకాయన సంచి నిండా చొక్కాలు పట్టుకొచ్చాడు. అన్నీ ఒకే బూడిదరంగు. కాలరు వెనక లేబుళ్ళు తీసెయ్యాలన్నాడు.

"దీనికి కొట్టుదాకా రావాలాండీ? కత్తెర పెట్టి ఒక్క కోత కొయ్యచ్చుగా!" అక్క నవ్వింది.

"కోస్తే మొదలు మిగుల్తుంది. అది మెడకి గుచ్చుకుంటుంది. ఇక ఆ రోజంతా నాకు మెడ తప్ప ఇంకేం ఉండదు," అన్నాడాయన, అక్క భుజం మీదుగా గోడకేసి చూస్తూ.

తెర పక్కకి జరిగింది. "కుట్టు విప్పి, లేబులు లాగేసి, మళ్ళీ కుట్టాలి," అంది చెల్లెలు. "నావన్నీ అలాగే చేసుకుంటాను." తన కాలరు తిప్పి చూపించింది కూడా. ఎవరూ పిలవకుండా చెల్లెలు తనంతట తాను బయటికి రావడం చూసి అక్క నోరు వెళ్ళబెట్టింది.

చొక్కాలు తీసుకెళ్ళడానికి వచ్చినాయన ఓ పట్టాన కదల్లేదు. లిఫ్టు పైకి వెళ్తుంటే వెనక ఇనుప దిమ్మలు కిందికెలా దిగుతాయో, వాటి బరువు తేడా వస్తే మోటారెలా మూలుగుతుందో చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో టక్కున ఆగాడు.

"నాకు ఆటిజం ఉంది. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలీదు. ఎక్కువైతే చెప్పండి."

"నాకూ ఉంది. చెప్తాను."

"ఇప్పుడు ఎక్కువైందా?"

ఆమె కాస్త ఆలోచించింది. "ఇంకా లేదు."

ఆ తర్వాత ఆయన చొక్కాలు లేకపోయినా వచ్చేవాడు. "కుట్టాల్సినవేం లేవు. మీ చెల్లెల్ని చూడ్డానికి వచ్చాను," అని అక్కకే చెప్పేవాడు. అక్క తల పట్టుకునేది. చెల్లెలికి మాత్రం ప్రాణం తెరిపిన పడేది. ఎవరేమన్నా దాని వెనక ఇంకేముందోనని వెతుక్కోవడంతోనే ఆమెకి ఇన్నాళ్ళూ సరిపోయింది. ఈయన మాటకి ఆ పని లేదు. మెల్లగా మీరు కాస్తా నువ్వు అయింది. పైపైన తాకితే తనకి ఒళ్ళు జలదరిస్తుందని, పట్టుకుంటే గట్టిగా పట్టుకోవాలని చెప్పింది. ఆయన పానా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అంతొద్దు."

"ఇంత?"

"ఊఁ. ఇంత."

అక్క ఇక ఆగలేకపోయింది. "ఆదివారం భోజనానికి పిలుస్తున్నానే. మనవాళ్ళు నలుగురూ చూడద్దూ!" నలుగురంటే నలుగురా? బావ, బావ అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, పిల్లలు, పై వాటావాళ్ళు. ఒకపక్క టీవీ, ఇంకోపక్క మిక్సీ. అందరూ ఒకేసారి ప్రశ్నలు.

"ఇన్నాళ్ళూ పెళ్ళెందుకు చేసుకోలేదు బాబూ?"

"ఎవరూ ఒప్పుకోలేదు," అని ఆయన ఉన్నమాట చెప్పాడు. ఇల్లంతా గొల్లుమంది. చెల్లెలూ వాళ్ళతోపాటు నవ్వింది. కాసేపటికి ఆయన కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"పద్ధతీ పాడూ లేని మనిషి," అన్నాడు బావ.

మర్నాడు చెల్లెలు ఆయన పనిచేస్తున్న భవనానికి వెళ్ళింది. లిఫ్టు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గ్రీజు పూస్తున్నాడు.

"వెళ్తే వెళ్ళావు. నన్నెందుకు వదిలేసి పోయావు?"

ఆయన తలెత్తాడు. "నువ్వు నవ్వుతున్నావు. నీకు బాగుందనుకున్నాను."

"బాగుండటమా! తల పగిలిపోయింది నాకు. అది నిజం నవ్వనుకున్నావా?"

"అనుకున్నాను. నాకు మొహాలు చూసి తెలీదు. నీకు తెలుసుగా."

తెలుసు. అయినా ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరికి తెలియకపోయినా ఈయనకి మాత్రం చెప్పకుండానే తెలిసిపోతుందని ఎప్పుడనుకుందో ఏమో, గట్టిగానే అనుకుంది. తనలాంటివాడే కదా అని. తనలాంటివాడు కాబట్టే తెలియలేదు మరి. అంత బాగా దాక్కోవడం నేర్చుకుని, వెతికి పట్టుకోలేదని ఎదుటిమనిషి మీద అలిగితే ఎలా? మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆయన చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు.

"పట్టుకోనా, వద్దా?"

"వద్దు. ఇక్కడే ఉండు."

ఉన్నాడు. కళ్ళు తుడుచుకున్నాక ఆమె అంది: "నాకు చాలనిపిస్తే ఇకనుంచి నోటితోనే చెప్తాను. నువ్వు కూడా చెప్పి వెళ్ళు."

"అలాంటప్పుడు నాకు మాట రాదు."

"అయితే నా చెయ్యి గుంజు."

అక్కకి చెప్పడమే కష్టమైంది. "నిన్న నాకూ లేచి వెళ్ళిపోవాలనిపించిందక్కా. ఎప్పుడూ అనిపిస్తూనే ఉంటుంది."

"మరి ఎప్పుడూ నవ్వేదానివిగా," అంది అక్క చిన్నబోయి.

"కొన్ని నిజమే."

"ఏవి?"

"మనిద్దరమే ఉన్నప్పటివి."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, బల్ల మీద ఏమీ లేకపోయినా సర్దడం మొదలుపెట్టింది.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయిపోయింది. అక్కా బావా తప్ప ఎవర్నీ పిలవలేదు. ఆయనకి ఫ్యాను మోత లేందే నిద్ర పట్టదు, ఆమెకి ఉంటే పట్టదు. అందుకని చెరో గది. "పెళ్ళి చేసుకుని ఈ వేరు కాపురమేమిటే!" అని అక్క ఇప్పటికీ సణుగుతుంది. గొడవలూ ఉన్నాయి. చెప్పకుండా భోజనం వేళ మారిస్తే ఆయనకి ఆ పూటంతా పాడవుతుంది. ఆయన కుర్చీ ఈడిస్తే ఆమెకి పళ్ళు పులుస్తాయి.

రెండు గదులకీ మధ్య ఒక తలుపుంది. పొద్దున్నే ఆయన దాన్ని తీసి, టీ కప్పులతో గడప దగ్గర నిలబడతాడు.

"రానా?"

ఒక్కోరోజు, "ఇంకాసేపాగు," అంటుంది ఆమె.

టీ చల్లారిపోతుందని గొణుక్కుంటూనే ఆగుతాడు.